తాళం ఎక్కడుంది?

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తండ్రి పోయిన పదో తరగతి పిల్లవాడు పన్నెండు పేజీల్లో తొమ్మిది పేజీలు ఏడ్చాడు. నాకు మాత్రం కన్ను చెమ్మగిల్లలేదు.

ఒక్కచోట ఆగిపోయాను. పెద్దకర్మ అయిన మర్నాడు వాడు సిటీ బస్సులోనే బడికి వెళ్తాడు. జేబులో నాన్న స్కూటర్ తాళం. అంత మంచి వాక్యం రాసి, వెంటనే మళ్లీ ఏడుపు అందుకున్నావు!

మా నాన్న పోయినప్పుడు నాకు పదిహేనేళ్లు. మైల తీరకముందే ఒక సాయంత్రం బర్కత్‌పురాలో మా సందు పిల్లలతో క్రికెట్ ఆడాను. "రాతిగుండె వెధవ" అంది మేనత్త. రాత్రి నాన్న చొక్కా మడిచి తలకింద పెట్టుకున్న సంగతి ఆమెకు తెలియదు. ఆ వయసులో దుఃఖం కాసేపు ముంచుతుంది, కాసేపు వదులుతుంది. మనసు పోయినవారి వైపు ఒకసారి, బతుకు వైపు ఒకసారి ఊగుతుందని స్ట్రోబ్, షుట్ అనే పరిశోధకులు 1999లో రాశారు. మేనత్తకు అది చెప్పేవాళ్లు లేకపోయారు.

నువ్వేమో వాడి దుఃఖాన్ని నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోలు అంటూ అయిదు మెట్లుగా పేర్చావు. కూబ్లర్-రాస్ అనే మనోవైద్యురాలు 1969లో ఆ అయిదు దశలూ రాసింది ప్రధానంగా చావుకు దగ్గరైన రోగులను చూసి. పిల్లవాణ్ని ఆ మెట్లెక్కించకు.

"ఇక ఇంటికి నువ్వే పెద్దదిక్కు" అని బంధువుల చేత అనిపించావు, బాగుంది. కానీ ఆ మాట వాణ్ని ఏం చేసిందో చూడలేదు. అమ్మ ముందు ఏడిస్తే ఆమె కుంగిపోతుందని వాడు నోరు కట్టేసుకుంటాడు. అది చెల్లెలి మీద అరుపుగానో, లెక్కల పరీక్షనాడు కడుపునొప్పిగానో బయటపడుతుంది. వాడు క్లాసులోకి రాగానే అందరూ మాటలు ఆపేస్తారు. వాడికి అదే పెద్ద నరకం. ఎప్పటిలా వాడి డబ్బాలో చెయ్యిపెట్టే స్నేహితుడొకణ్ని కథలోకి తీసుకురా.

ఇంకొకటి అడగాలా వద్దా అనుకున్నాను. ఆ పిల్లవాడు మీ తమ్ముడా? అయితే కథ ఆగవచ్చు. వాడు వారాల తరబడి తిండీ నిద్రా లేకుండా ఉన్నా, బతకడం దండగ అన్నా ఆలస్యం చేయకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆదివారం ఇంట్లోనే ఉంటాను. తాళం ఇప్పుడెక్కడుందో కనుక్కుని రా.

మీ మాస్టారు