మీ ప్రశ్న - మా జవాబు: ఎర్రర్ ఇచ్చిన క్వెరీతో గొడవ లేదు, ఇవ్వనిదాంతోనే

ప్రశ్న: అన్నగారూ, మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యలు కొనే ఒక కంపెనీలో లెక్కల సాఫ్ట్‌వేర్ నేనే చూస్తాను. ఇన్నాళ్ళూ మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మీద నడిచింది, ఇప్పుడు పోస్ట్‌గ్రెస్‌కి మారమంటున్నారు, కానీ ఒక బ్రాంచిలో మాత్రం పాతదే ఉంటుందంట. అంటే ఒకే క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) రెండిట్లోనూ నడవాలి. పేర్ల చుట్టూ బ్యాక్‌టిక్‌లు తీసేశాను, ఇఫ్‌నల్ బదులు కోలెస్ పెట్టాను, ఎర్రర్లన్నీ పోయాయి. కానీ రిపోర్టులో ఏ చెరువుకి చూసినా ఎఫ్‌సీఆర్ (కిలో పట్టుబడికి ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే లెక్క) 1 అనే వస్తుంది, ఎందుకంటారు?
- ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: తమ్ముడూ, నిజంగా అన్ని చెరువులకీ ఎఫ్‌సీఆర్ 1 వస్తే మీ రైతులు ఈపాటికి ఊరంతటికీ భోజనాలు పెట్టేవాళ్ళు. మేత, పట్టుబడి కాలమ్‌లు రెండూ ఇంటీజర్‌గా (చుక్క లేని పూర్ణ సంఖ్యగా) పెట్టి ఉంటావు, అక్కడే ఉంది తిరకాసు. 5600 కిలోల మేత వేసి 4000 కిలోలు పట్టుబడి వస్తే 1.4 రావాలి కదా, మై ఎస్‌క్యూఎల్ అలాగే ఇస్తుంది, ఒరాకిల్ కూడా అంతే. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్ మాత్రం ఇంటీజర్‌ని ఇంటీజర్‌తో భాగిస్తే చుక్క తర్వాతది కోసి పారేస్తాయి. 1.4 అయినా 1.9 అయినా వాటికి ఒకటే, 1. బాగా పండిన చెరువూ, మేత తిని ముంచేసిన చెరువూ రిపోర్టులో పక్కపక్కన ఒకేలా కూర్చుంటాయి, ఎర్రర్ మాత్రం రాదు.

మేత కాలమ్‌ని ముందు 1.0 తో గుణించి తర్వాత భాగించు, అన్ని డేటాబేసుల్లోనూ పనిచేస్తుంది. డెసిమల్‌కి కాస్ట్ చెయ్యమని, అంటే రకం మార్చమని కొందరు చెప్తారు, మిగతా నాలుగింట్లో బానే ఉంటుంది గానీ ఎస్‌క్యూలైట్‌లో 5600 మళ్ళీ ఇంటీజర్‌గానే ఉండిపోతుంది, అందుకే నాకు 1.0 నే ఇష్టం. ఇంకోటి, ఇంకా పట్టుబడి కాని చెరువుకి సున్నా ఉంటుంది కదా, సున్నాతో భాగిస్తే మై ఎస్‌క్యూఎల్ సెలెక్ట్‌లో నల్ (విలువ లేదని గుర్తు) ఇచ్చి ఊరుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ క్వెరీ మొత్తం ఆపేస్తుంది. కింద ఉన్న కాలమ్‌ని నల్‌ఇఫ్‌లో పెట్టి, సున్నా అయితే నల్ చెయ్యి, రెండూ దారికొస్తాయి.

నువ్వు ఎర్రర్లు పోయాయని సంబరపడ్డావు చూడు, నాకు భయం అక్కడే. ఎర్రర్ ఇచ్చేవి అరగంటలో దొరుకుతాయి, నోరెత్తకుండా వేరే జవాబిచ్చేవే నెల చివర బిల్లుల దగ్గర బయటపడతాయి. పట్టుబడి తేదీ ప్రకారం వరసపెట్టి పైన పది తీసే క్వెరీ నీ దగ్గర తప్పకుండా ఉండే ఉంటుంది. తేదీ ఇంకా వెయ్యని చెరువులు మై ఎస్‌క్యూఎల్‌లో పైకొస్తాయి, పోస్ట్‌గ్రెస్‌లో కిందికి పోతాయి, అంటే అదే లిమిట్ 10 పెడితే అక్కడ పది చెరువులు, ఇక్కడ వేరే పది. నల్స్ ఫస్ట్ అని పోస్ట్‌గ్రెస్‌లో రాయొచ్చు గానీ మై ఎస్‌క్యూఎల్‌కి అది తెలీదు, కాబట్టి ఆర్డర్ బై లో ముందు ఒక కేస్ పెట్టి తేదీ నల్ అయితే 0, లేకపోతే 1 అని రాసి ఆ తర్వాత తేదీ రాయి.

గ్రూప్ బై కూడా ఒకసారి చూసుకో. 5.7 కంటే పాత మై ఎస్‌క్యూఎల్ అయితే, రైతు పేరు మీద గ్రూప్ చేసి పక్కన ఊరు కాలమ్ అడిగినా ఏదో ఒక ఊరు ఇచ్చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. అప్పుడు చాలామంది ఊరికి మ్యాక్స్ తగిలించి నోరు మూయిస్తారు, అది మాత్రం చెయ్యకు. మన వైపు ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రైతులు ఎంతమంది ఉంటారో నీకు నేను చెప్పక్కర్లేదు, ఇద్దరి సరుకూ ఒకరి ఖాతాలో పడుతుంది. రైతు నంబరు మీద గ్రూప్ చెయ్యి, పేరూ ఊరూ కూడా గ్రూప్ బై లోనే రాసెయ్యి.

నెలవారీ రిపోర్టుకి డేట్ ఫార్మాట్ వాడితే పోస్ట్‌గ్రెస్‌లో నడవదు, అక్కడ టు క్యార్. రెండూ వద్దు, జూన్ 1 కి సమానం లేదా ఎక్కువ, జూలై 1 కంటే తక్కువ అని రాసుకుంటే ఎక్కడైనా నడుస్తుంది, పైగా తేదీ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే సూచిక) ఉంటే అదీ పనికొస్తుంది. ఉంటే అప్‌డేట్ లేకపోతే ఇన్సర్ట్ అనే పనికి మాత్రం కామన్ దారి కోసం వెతక్కు. మై ఎస్‌క్యూఎల్‌లో ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్, పోస్ట్‌గ్రెస్‌లో ఆన్ కాన్‌ఫ్లిక్ట్, రెండు ఫైళ్ళలో రెండు రాసుకో. మెర్జ్ ఉంది కదా అంటావేమో, అది పోస్ట్‌గ్రెస్‌కి 2022లో 15వ వెర్షన్‌లో వచ్చింది, మై ఎస్‌క్యూఎల్‌లో లేనే లేదు.

ఒకే డేటా రెండిట్లోనూ ఎక్కించి ప్రతి రిపోర్టూ రెండు వైపులా తీసి వరస వరసా పోల్చు. ఆ డేటాలో సున్నా పట్టుబడి చెరువు ఒకటి, తేదీ లేనిది ఒకటి, ఒకే పేరున్న రైతులిద్దరు కచ్చితంగా ఉండాలి, అన్నీ బాగున్న డేటాతో పోలిస్తే ఏమీ తెలీదు.

ప్రశ్న: సార్, ఎస్‌క్యూఎల్‌కి స్టాండర్డ్ ఉందని క్లాసులో చెప్పారు. మరి ఇన్ని తేడాలెందుకు? ఓఆర్ఎం (మన కోడ్ నుంచి క్వెరీలు తానే రాసిపెట్టే లైబ్రరీ) వాడితే ఈ బాధ ఉండదా?
- ఇంజినీరింగ్ విద్యార్థిని, అమలాపురం

జవాబు: స్టాండర్డ్ ఉందమ్మా, కాకపోతే సరుకు ముందొచ్చింది, రూలు తర్వాతొచ్చింది. ఒరాకిల్ 1979లోనే అమ్మకానికి వచ్చేసింది, ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) స్టాండర్డ్ 1986లో. అప్పటికే రాసేసుకున్న కస్టమర్ల క్వెరీలు చెడిపోకూడదని ఎవరి పాత అలవాటు వాళ్ళు ఉంచుకున్నారు. ఒరాకిల్‌లో ఇప్పటికీ ఖాళీ స్ట్రింగ్ అంటే నల్ కిందే లెక్క. రెండు మాటలు కలపడానికి స్టాండర్డ్ చెప్పింది రెండు నిలువు గీతలు, మై ఎస్‌క్యూఎల్‌లో సెట్టింగ్ మార్చకపోతే అదే గుర్తుకి ఆర్ అని అర్థం. పైన కొన్ని వరసలే తీసుకునే పద్ధతి స్టాండర్డ్‌లోకి 2008లో వచ్చింది, ఫెచ్ ఫస్ట్ అని, ఒరాకిల్‌లో అది 2013లో 12సీ తో వచ్చింది, అప్పటిదాకా వరసలకి నంబరిచ్చే రోనమ్‌తోనే నెట్టుకొచ్చారు.

ఓఆర్ఎం వాడు, తప్పులేదు, లిమిట్‌లూ కోట్‌లూ అదే చూసుకుంటుంది. కానీ పెద్ద రిపోర్టు వచ్చేసరికి అందరూ చేత్తోనే క్వెరీ రాస్తారు, పై తమ్ముడి కష్టాలన్నీ అక్కడే కదా.

ప్రశ్న: నర్సరీ స్టాకు పోస్ట్‌గ్రెస్‌లోకి మార్చాక మొక్క పేరు ఇంగ్లీషులో చిన్నక్షరాలతో కొడితే దొరకట్లేదండి, పెద్దక్షరంతో మొదలుపెడితే దొరుకుతుంది.
- ఓ పాఠకుడు, కడియం

జవాబు: మై ఎస్‌క్యూఎల్ మామూలుగా చిన్నా పెద్దా అక్షరాల తేడా చూడదండి, పోస్ట్‌గ్రెస్ చూస్తుంది. ఐలైక్ వాడమంటారు, అది పోస్ట్‌గ్రెస్‌లో ఉంది గానీ మై ఎస్‌క్యూఎల్‌లో లేదు. రెండు వైపులా లోయర్ పెట్టండి, అన్నిట్లోనూ నడుస్తుంది. స్టాకు పెద్దదై వెతకడం నెమ్మదిస్తే లోయర్ చేసిన పేరు మీదే ఇండెక్స్ కట్టండి, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది.