రంగుల వరసలో వంట పుస్తకాలు, మాట్లాడని అత్తయ్య

ప్రశ్న: నా వయసు 29. పెళ్లై మూడేళ్లయింది. హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం, ఇంటి నుంచే పని. ఏడాదిగా అమలాపురం దగ్గర లంక గ్రామంలో అత్తగారింట్లో ఉంటున్నాం. మావయ్యగారు లేరు. ఆయన ఏ ఊరు వెళ్లినా అత్తయ్యగారి కోసం ఒక వంట పుస్తకం తెచ్చేవారట. అలా చేరినవి రెండొందలకు పైనే. హాల్లో అద్దాల బీరువాలో ఉంటాయి. ఆషాఢంలో ఆవిడ పాలకొల్లులో చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు అన్నిటినీ దులిపి రంగుల వరసలో సర్దాను. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, చాలా అందంగా కుదిరింది. నిలబెడితే బయటికి కనిపించే వీపు లేని పల్చటి పుస్తకాలు, పత్రికల్లోంచి కత్తిరించిన కాగితాలు, రెండు చేతిరాత నోటు పుస్తకాలు ఆ వరసలో ఇమడలేదు. వాటిని అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించాను. ఆవిడ వచ్చి చూసి ‘బాగుందమ్మా’ అన్నారు. వరలక్ష్మీ వ్రతం ముందురోజు మాత్రం బీరువా ముందు చాలాసేపు నిలబడి, కావలసింది దొరక్క, ‘నా ఇంట్లో నాకే దారి తెలీకుండా పోయింది’ అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ నోటు పుస్తకాల్లో ఒకటి వాళ్ల అత్తగారు రాసిందట. 1986 వరదలో ఇంట్లోకి నీళ్లొస్తే దాన్ని చేత్తో పట్టుకుని గట్టుకి చేరారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నారు. మావారేమో ‘రేపే పాతలా సర్దేయ్’ అంటారు. పాత వరస నాకు గుర్తు లేదు. ఆవిడకి కంట్లో పొర వస్తోంది, ముదిరాక ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్నారు, ఆ చిరాకు కూడా ఉందేమో. నేను చేసింది అంత తప్పా? ఈ ఇంట్లో నా ఇష్టంతో నేను చేసిన మొదటి పని అది.

జవాబు: ముందు ఆ అట్టపెట్టెను అటక మీద నుంచి దించండి. క్షమాపణ, సర్దుబాటు అన్నీ దాని తర్వాతే. ఇది చదివేసరికి ఇంకా పైనే ఉంటే ఇవాళే దించండి. నిచ్చెన పట్టుకోమని మీ ఆయన్ని పిలవండి.

ఈ తొందర ఎందుకంటే మీరున్నది కోనసీమలో. ఒకవైపు గోదావరి పాయ, ఇంకోవైపు కాలువ, మధ్యలో కొబ్బరి తోటలు. శ్రావణ భాద్రపదాల్లో అక్కడ ఆరేసిన బట్టలే రెండో రోజుకీ ఆరవు. అటక మీద పగలంతా సెగ, రాత్రి చెమ్మ. అట్టపెట్టె ఆ చెమ్మను పీల్చుకుని లోపలే పట్టి ఉంచుతుంది. కాగితానికి బూజు పడుతుంది. వెండి రంగులో జరజరా పాకే పుస్తకాల పురుగు చేరుతుంది. దానికి పిండి జిగురంటే ప్రాణం, పాత నోటు పుస్తకాల బైండింగులో ఉండేది అదే. పైగా సిరా పెన్నుతో రాసిందైతే పెంకు సందులోంచి ఒక్క చుక్క పడినా అక్షరం అలుక్కుపోతుంది. వరద నుంచి కాపాడుకున్న పుస్తకం వాన చుక్కకి పోకూడదు.

దించాక ఎండలో పెట్టకండి. గదిలో ఫ్యాను కింద, పేజీలు విడివిడిగా ఉండేలా తెరిచి ఆరనివ్వండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించొద్దు. కొన్నేళ్లకి అది పచ్చబడి కాగితాన్ని కూడా పాడు చేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, చేశాక మళ్లీ విడదీయలేం. ప్రతి పేజీకీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవడం మంచిదే, కానీ అది కూడా ఆవిణ్ణి అడిగి, ఆవిడ ఎదురుగానే.

ఇక మీ ప్రశ్న. వంట పుస్తకాలను రంగుల వరసలో పెట్టడం తప్పేమీ కాదు. చాలామందికి పుస్తకం పేరు గుర్తుండదు, ‘ఆ ఎర్రట్ట పుస్తకం’ అని మాత్రం గుర్తుంటుంది. అలాంటివాళ్లకి ఈ వరస బాగానే పనికొస్తుంది. మీరు రెండొందల పుస్తకాలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని దులిపి, తుడిచి పెట్టారు. ఇష్టం లేని ఇంట్లో ఎవరూ అంత పని చేయరు. పొరపాటు జరిగింది రెండు చోట్ల. ఆవిడ ఊళ్లో లేనప్పుడు చేశారు. రంగు వరసకి పనికిరాని వాటిని అసలు పనికిరానివిగా లెక్కేశారు.

రెండోదే ఆవిణ్ణి ఎక్కువ నొప్పించిందని నాకనిపిస్తోంది. మన తెలుగు వంట పుస్తకాల్లో చాలావాటికి మధ్యలో పిన్నులు కొట్టి ఉంటాయి, నిలబెడితే కనిపించడానికి వీపే ఉండదు. పత్రికలతో వచ్చే అనుబంధాలూ అంతే. పొయ్యి పక్కన నలిగేవి, పసుపు మరకలు పడేవి, మార్జిన్లో ‘ఉప్పు తగ్గించాలి’ అని రాసుకునేవి అవే. దళసరి అట్టల పుస్తకాలను అపురూపంగా చూసుకుంటాం కానీ తక్కువగా తెరుస్తాం. అంటే బీరువాలో మిగిలినవి ఆవిడ చూసుకునే పుస్తకాలు, అటకెక్కినవి ఆవిడ వాడుకునే పుస్తకాలు.

గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు ప్రతిపాదించారు. పుస్తకాలు వాడుకోవడానికే అన్నది వాటిలో మొదటిది. లైబ్రరీలో ఎవరొస్తారో తెలియదు కాబట్టి అందరికీ ఒకే వరస ఉంటుంది. విషయాన్ని బట్టి పుస్తకాలకి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో అయితే వంట పుస్తకాలన్నీ 641.5 అనే అంకె కిందకి వస్తాయి. ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. వాడే మనిషి ఎవరో తెలుసు, వరస ఆ మనిషిని అడిగి పెట్టుకోవచ్చు.

పాత వరస గుర్తు లేదన్నారు. బయటివాళ్లకి అది వరసలా కనిపించి కూడా ఉండదు. కొందరు ఏడాది తిరిగే క్రమంలో పెట్టుకుంటారు. ఎండాకాలానికి ఆవకాయ, మాగాయ, వరద నీరొచ్చే రోజుల్లో తినేవాళ్లకి పులస, కార్తీకానికి కంద బచ్చలి, సంక్రాంతికి అరిసెలు, పోకుండలు. కొందరు కొన్న క్రమంలో పెట్టుకుంటారు. మీ మావయ్యగారు ప్రయాణాల్లో తెచ్చిన పుస్తకాలంటున్నారు. ఏది ఏ ఊరి నుంచి, ఏ ఏడు తెచ్చారో ఆ క్రమంలోనే ఆవిడ పెట్టుకుని ఉంటే, మీరు కదిపింది వాళ్లిద్దరి సంసారాన్ని. ఇది నా ఊహే. అసలు సంగతి ఆవిడ చెప్పాలి.

మీరు చివర్లో తేలిగ్గా రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. కంట్లో పొర. కంటిలోని కటకం మసకబారి పసుపు తిరిగేకొద్దీ రంగుల మధ్య తేడా తగ్గుతుంది. ముఖ్యంగా నీలం, ఊదా వెలవెలబోతాయి. ముదురు నీలానికీ నలుపుకీ తేడా తెలియదు. బీరువా అద్దం మీద ట్యూబులైటు మెరుస్తుంటే, వీపు మీది సన్న అక్షరాలు చదవడం మరీ కష్టం. అలాంటప్పుడు మనిషి చూపుతో కన్నా అలవాటుతో ఎక్కువ వెతుకుతారు. మూడో అరలో ఎడం చివర, పైనుంచి రెండోది, చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్తుంది. మీరు సర్దిన తర్వాత ఆ చెయ్యికి చోటు దొరకలేదు. మీ కంటికి స్పష్టంగా కనిపిస్తున్న రంగుల వరస ఆవిడ కంటికి ఆనుతోందో లేదో. ‘దారి తెలీకుండా పోయింది’ అన్నది దెప్పుడు మాట అనుకోకండి, ఆవిడకి జరిగింది అదే. ముందు ‘బాగుందమ్మా’ అన్నారంటే మీ శ్రమను గౌరవించి సర్దుకుపోదామనే చూశారు. పండగ ముందు పని పడేసరికి బయటపడింది. ఆవిడ ముభావాన్ని మీరు చిరాకు అనుకుంటున్నారు. నాకది భయంలా తోస్తోంది. చూపు తగ్గుతోందని కోడలి ముందు ఒప్పుకోవడానికి ఎవరికైనా మనసు రాదు.

అందుకే మాట్లాడేటప్పుడు ఆ పెట్టె ఆవిడ ముందు పెట్టి మాట్లాడండి. భోజనాలయ్యాక, పనిమనిషి, ఇరుగుపొరుగు లేని వేళ చూసుకోండి. ‘అత్తయ్యగారూ, మీరు లేనప్పుడు మిమ్మల్ని అడక్కుండా కదిపాను. ఇది పెద్దావిడ రాసిన పుస్తకమని తెలీక అటకెక్కించాను. తప్పయిపోయింది. ఏది ఎక్కడ ఉండాలో చెప్పండి, అలాగే పెడతాను.’ ఇంతవరకే. దీని వెనక ‘కానీ ఎంత అందంగా ఉందో చూడండి’ అని చేర్చొద్దు. ‘మీరే బాగుందన్నారుగా’ అని అసలే అనొద్దు. ఆవిడ వరద రోజుల సంగతులు ఎత్తుకుంటే లాప్‌టాప్ మూసి వినండి. మీటింగు ఉన్న రోజున ఈ మాట మొదలుపెట్టకండి.

మీవారి మాట ప్రకారం రేపే అన్నీ తీసి పాతలా పెట్టేయడం నాకు నచ్చలేదు. పాత వరస ఆయనకీ తెలియదు. ఆవిణ్ణి మళ్లీ అడక్కుండా రెండోసారి కదిపినట్టవుతుంది. ఆయన చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. మీ ఇద్దరి మధ్య కబుర్లు మోయడం మానాలి. వంటింటికి దగ్గర్లో, పొయ్యి పొగ, నూనె జిడ్డు తగలని చోట, ఆవిడ నిలబడితే ఛాతీ ఎత్తులో ఉండేలా ఒక చెక్క అర కొట్టించాలి. రోజూ వాడేవన్నీ, వీపు లేనివాటితో సహా, ఆవిడ చెప్పిన క్రమంలో అక్కడికి చేర్చండి. విడి కాగితాలకి ఫైళ్లు కొని, ఒక్కోదాని మీద ‘పచ్చళ్లు’, ‘పిండివంటలు’, ‘నైవేద్యాలు’ అని లావు అక్షరాలతో రాయండి. పల్చటి పుస్తకాలను నిలబెట్టకుండా పడుకోబెట్టి పేర్చితే అట్టలు వంగవు.

హాల్లో మిగిలినవాటికి ఆవిడ సరే అంటే మీ రంగులే ఉండొచ్చు. ఒక్క జాగ్రత్త. కిటికీ ఎండ బీరువా మీద పడకుండా చూడండి. అట్టల మీద ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి, నీలం చాలాకాలం నిలుస్తుంది. ఎండ తగిలితే కొన్నాళ్లకి మీ వరసలో సగం గుర్తుపట్టలేరు. బీరువాను గోడకి ఆనించకుండా కాస్త ఎడంగా జరపండి, వాన లేని మధ్యాహ్నాల్లో తలుపులు తెరవండి.

‘నా ఇష్టంతో చేసిన మొదటి పని’ అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ప్రతి గిన్నెకీ, ప్రతి డబ్బాకీ మీరు రాకముందే ఒక చోటున్న ఇంట్లో ఏడాది నుంచి ఉంటున్నారు. మీ చెయ్యి పడిన గుర్తు ఒక్కటైనా కావాలనుకోవడం అత్యాశ కాదు. ఆ సంగతి ఆవిడకి తప్పకుండా చెప్పండి, కానీ క్షమాపణ అడిగిన రోజున కాదు. నాలుగు రోజులు పోయాక, మీ పుస్తకాలకి, మీ సామానుకి ఒక అర కావాలని నేరుగా అడగండి. ఆవిడ కూడా ఒకప్పుడు ఆ ఇంటికి కోడలిగా వచ్చినావిడే. వాళ్ల అత్తగారి నోటు పుస్తకాన్ని నీళ్లలోంచి మోసుకెళ్లారంటే ఆ ఇంట్లో చోటు సంపాదించుకోవడం ఏమిటో ఆవిడకి తెలుసు.

ఆ నోటు పుస్తకంలో మీ ఇద్దరికీ సరిపడా పని ఉంది. పెద్దావిడ రాసిన కొలతలు సోలలు, తవ్వలు, మానికలు, వీశెలలో ఉండి ఉంటాయి. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా వంటిళ్లలో పాత కొలతలు చాలాకాలం నడిచాయి. వీశె అంటే దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. కానీ ఏ ఇంటి సోల ఆ ఇంటిదే. మీ ఇంట్లో పాత ఇత్తడి సోల ఉందేమో అడిగి, దాంతో బియ్యం, బెల్లం తురుము, శనగపప్పు విడివిడిగా కొలిచి తూకం వేయండి. వచ్చిన గ్రాముల లెక్క కొత్త పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఎక్కించండి. ‘పాకం ముదరనివ్వాలి’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే అరిసెల పాకమో, చలిమిడి పాకమో ఆవిడే చెప్పాలి. మాసిపోయిన అక్షరం మీరు చదివి వినిపించాలి. వారానికి ఒక్క వంటకం రాసినా చాలు.

ఆవిడ ‘ఎందుకులేమ్మా, ఉండనీ’ అనొచ్చు. గోదావరి వైపు పెద్దవాళ్లు మొహమాటానికి ఆ మాట అంటారు, దాన్ని ఒప్పుకోలు అనుకోకండి. అలాగని రోజూ బతిమాలొద్దు. పెట్టెను ఆవిడ చేతికందే చోట ఉంచి మీ పని మీరు చేసుకోండి. ఏదో ఒక రోజు వంటకి అందులోంచి ఒకటి తీస్తారు, అప్పుడు పక్కన ఉండండి.

కంటి సంగతి మాత్రం ఆపకండి. పొర ముదిరాకే ఆపరేషన్ అన్నది పాతకాలం మాట. ఇప్పటి పద్ధతుల్లో అంతదాకా ఆగనక్కర్లేదు. చదవడానికి, వంటకి అడ్డం వస్తుంటే చేయించుకోవచ్చు, మరీ ముదరబెడితే ఆపరేషనే కష్టమవుతుంది. ఎప్పుడు చేయాలో కంటి డాక్టరు చూసి చెప్పాలి కాబట్టి ఈ నెలలోనే అమలాపురమో, కాకినాడో, రాజమండ్రో తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా ఈ ఆపరేషన్ చేస్తారు. కొడుకు పక్కనుంటే ఆవిడకి ధైర్యం, అందుకని మీవారిని సెలవు పెట్టమనండి. ఆపరేషన్ అయ్యాక రంగులు, ముఖ్యంగా నీలాలు, ముందుకన్నా తేటగా కనిపిస్తాయి. హాల్లో బీరువా ఎలా ఉండాలో ఆవిడ అప్పుడు చూసి తేల్చనివ్వండి, అంతదాకా అందులో మిగిలిన వరసను ఎవరూ కదపొద్దు.