దిగిపోయిన పైపు గాడిని ఎలా పూడ్చాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెందుర్తి. మే నెలలో బాత్రూం నుంచి వీధి కాలువ దాకా 40 అడుగుల పొడవున 4 అంగుళాల పైపు వేయించాం. గాడి 3 అడుగుల లోతు, అడుగున్నర వెడల్పు. తవ్విన ఎర్రమట్టితోనే పూడ్చి, మిగిలిన అర ట్రాక్టరు మట్టి బయటికి పంపేసి, పైన పార్కింగ్ టైల్స్ వేశారు. శ్రావణం వానలకు గాడి పొడవునా 4 అంగుళాలు దిగి టైల్స్ విరిగాయి. పైన డస్ట్ (క్రషర్ రాతిపొడి) పోసి లెవెల్ చేసేస్తానంటున్నాడు మేస్త్రి. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. మీ ఉత్తరం చదవగానే నా కళ్లు ఆ అర ట్రాక్టరు మట్టి దగ్గరే ఆగాయి. మీ గాడి మొత్తం 180 ఘనపుటడుగులు. అందులో పైపు ఆక్రమించేది 4 ఘనపుటడుగులే. దిమ్మిసతో (మట్టిని అణగ్గొట్టే బరువైన సాధనం) గట్టిగా కొట్టి పూడిస్తే మిగలాల్సింది పది పన్నెండు గమేళాల మట్టి. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి ఎక్కువ కనిపిస్తుంది, వదులుగా నింపేసి మిగిలింది పంపేస్తారు. మీ గాడికి తక్కువైన మట్టి అదే. డస్ట్ పోస్తే కింద వదులు వదులుగానే ఉంటుంది, పైన బరువు పెరుగుతుంది. వచ్చే వానలకు ఇంకా దిగవచ్చు.

పైప్‌లైన్ పనుల్లో సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తలో గాజువాకలో నేనూ ఇదే తప్పు చేశాను. చీకటి పడుతోందని 4 అడుగుల గాడిని ఒకేసారి నింపించి, పైన మాత్రం దిమ్మిస కొట్టించాను. చూడ్డానికి గట్టిగానే ఉంది. వారం తిరగకుండా వాన పడి, సరుకు ఆటో చక్రం ఇరుసు దాకా దిగబడింది. ఆ డ్రైవరు వానలో తడుస్తూ బస్తాలు దించుకోవడం నాకు ఇంకా గుర్తుంది. పైన కొట్టిన దెబ్బ అర అడుగు దాటి కిందికి పోదని ఆ రోజు తెలిసింది.

ముందు పైపు సంగతి చూడండి. రెండు బకెట్ల నీళ్లు ఒకేసారి గుమ్మరించి, వీధి చివర ఒకరిని నిలబెట్టండి. నీళ్లు ఒక్క ఊపున వస్తే పైపు బాగానే ఉన్నట్టు. సన్నగా, ఆగి ఆగి వస్తుంటే మధ్యలో పైపు కుంగిందేమో చూడాలి, అప్పుడు మొత్తం తవ్వక తప్పదు. 40 అడుగులకు 8 అంగుళాల వాలు ఉండాలి.

పైపు బాగుంటే గాడి మీది టైల్స్ తీసి పై అడుగున్నర మట్టి మాత్రం ఎత్తండి. గునపం వాడొద్దు, పారతోనే తీయించండి. కింద మిగిలిన మట్టిని దిమ్మిసతో కొట్టాక మట్టి 6 అంగుళాల మందాన పరిచి, అది నాలుగున్నర అంగుళాలకు అణిగేదాకా కొట్టించండి. తరువాతే రెండో పొర. మొదట్లో దెబ్బ మెత్తగా దబ్‌మంటుంది, మట్టి బిగిశాక దిమ్మిస చేతిలో ఎగిరిపడుతుంది. ఆ తేడా చేతికి తెలుస్తుంది, దగ్గరుండి చూడండి.

తడి చాలా ముఖ్యం. గుప్పెడు మట్టి పిసికితే ముద్ద కట్టాలి, అరచేతికి అంటకూడదు. నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి. పొడిలా రాలిపోతే నీళ్లు చిలకరించండి, జిగటగా ఉంటే ఒకరోజు ఆరనివ్వండి. గాడి నిండా నీళ్లు పెడితే మట్టి కూర్చుంటుందని కొందరంటారు. రుషికొండ, సాగర్ నగర్ వైపు ఇసుక నేలల్లో అది పనికొస్తుంది. మీ ఎర్రమట్టిలో బంక ఉంటే బురదే మిగులుతుంది. మట్టి చాలకపోతే గ్రావెల్ తెప్పించండి. ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు, చెక్కలు మాత్రం గాడిలో పడనివ్వొద్దు. చెక్క చివికినచోట బొరియ ఏర్పడుతుంది.

టైల్స్‌కు తొందరపడకండి. మనకు అక్టోబరు వానలు గట్టివి. పైన 2 అంగుళాలు ఎత్తుగా వదిలి, సంక్రాంతి దాకా వాననీళ్లు, బండి చక్రాలు దాని మీద పడనివ్వండి. తరువాత మిగిలిన ఎత్తు చెక్కేసి, అంగుళం డస్ట్ పరిచి టైల్స్ వేయించుకోండి. పగలనివి ఇప్పుడే జాగ్రత్తగా తీసి, గోడవారగా పేర్చి ఉంచుకుంటే మళ్లీ పనికొస్తాయి.