స్టార్‌డ్యూ వ్యాలీలో చేతిలో డబ్బు నిలవాలంటే ఏ పంట వేయాలి?

మొదటి ఏడాది వేసవి 9వ తేదీకి చేరుకున్నాననీ, చేతిలో 1,200 గోల్డ్ (ఆటలోని డబ్బు) మాత్రమే మిగిలిందనీ, ఇప్పుడు బ్లూబెర్రీ వేయాలో మెలన్ వేయాలో తెలియడం లేదనీ మీరు అడిగారు. ఈ వ్యవసాయపు వీడియో గేమ్‌లో మూడు పొలాలను మొదటి రోజు నుంచి నడిపిన అనుభవంతో చెబుతున్నాను. మీ పరిస్థితిలో ఆ రెండూ కాకుండా మిరప వేయడం మేలు. కారణం వివరిస్తే మున్ముందు వచ్చే ఋతువులకూ అది పనికివస్తుందని కొంచెం విస్తరంగా రాస్తున్నాను.

నేను మొదటి పొలంలో చేసిన పొరపాటు, అమ్మకపు ధర ఒక్కటే చూసి విత్తనం కొనడం. కాలీఫ్లవర్ 175 గోల్డ్‌కు అమ్ముడుపోతుందని తెలిసి, వసంతం 17వ తేదీన చేతిలో ఉన్న 1,600 గోల్డ్ మొత్తం పెట్టి 20 విత్తనాలు నాటాను. ఆ పంటకు 12 రోజులు పడుతుంది, ఋతువుకు ఉన్నవి 28 రోజులే. లెక్క వేసుకుని ఉంటే ఒక్క రోజు తక్కువ పడుతుందని అప్పుడే తెలిసేది. వేసవి 1వ తేదీ ఉదయం తలుపు తీసి బయటికి వచ్చేసరికి, పన్నెండు రోజులు పొద్దున్నే లేచి నీళ్లు పోసిన 20 మొక్కలూ ఎండిపోయి నిలబడి ఉన్నాయి. ఒక్క గోల్డ్ కూడా తిరిగి రాలేదు.

అప్పటి నుంచి ఏ పంటనైనా రెండు లెక్కలతో చూడడం అలవాటు చేసుకున్నాను. పెట్టిన ఒక్కో గోల్డ్‌కు ఎంత తిరిగి వస్తుందన్నది మొదటిది, ఒక్కో మొక్కకు ఎంత మిగులుతుందన్నది రెండవది. డబ్బు కొరతగా ఉన్నంతకాలం మొదటి లెక్క, డబ్బు ఉండి నీళ్లు పోసే ఓపిక కొరతైనప్పుడు రెండవ లెక్క పనిచేస్తాయి. చాలామంది రెండవ దశకు చెందిన సలహాను మొదటి దశలో పాటించి చిక్కుల్లో పడతారు.

మీ విషయానికే వద్దాం. ఈరోజు 1,200 గోల్డ్‌తో 80 చొప్పున 15 బ్లూబెర్రీ విత్తనాలు వస్తాయి. 13 రోజులకు, అంటే 22వ తేదీన, మొదటి కాపు, 26న రెండవ కాపు వస్తాయి. కాపుకు మూడేసి పండ్లు, పండు 50 చొప్పున మొత్తం 4,500 గోల్డ్ అవుతుంది. అదే డబ్బుతో 40 చొప్పున 30 మిరప విత్తనాలు వస్తాయి. ఆటలో హాట్ పెప్పర్ అని పిలిచేది దీన్నే. 5 రోజులకు తొలి కాపు, తరువాత మూడు రోజులకొకసారి కోత కాబట్టి 14, 17, 20, 23, 26 తేదీల్లో ఒక్కోసారి 1,200 చొప్పున 6,000 గోల్డ్ చేతికి వస్తుంది. అంతకంటే ముఖ్యం, 14వ తేదీకే పెట్టుబడి తిరిగి వచ్చి దాన్ని మళ్లీ మడిలో పెట్టే వీలు కలుగుతుంది. బ్లూబెర్రీలో 22 దాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. (గుంటూరు జిల్లావాడిగా మిరప మీద నాకు పక్షపాతం ఉందేమో అనుకోవద్దు, లెక్కే అలా వచ్చింది. అయితే అక్కడి రైతుల్లా ధర కోసం సరుకును నిల్వ పెట్టవలసిన అవసరం ఇక్కడ లేదు. ఎంత అమ్మినా ఈ ఆటలో ధర పడిపోదు, పెరగదు.)

వచ్చే ఏడాది వేసవి 1వ తేదీన చేతిలో పదివేలు ఉన్నప్పుడు మాత్రం బ్లూబెర్రీయే వేయండి. మొదటి రోజే నాటితే నాలుగు కాపులు వచ్చి, విత్తనం ఖర్చు పోను మొక్కకు 520 గోల్డ్ మిగులుతుంది. మిరపకు 280 మాత్రమే మిగులుతుంది.

ఓపిక విషయంలో ఒక మాట. మొదట్లో మీకుండే శక్తి 270. మామూలు నీళ్ల డబ్బాతో ఒక్కో మొక్కకు సుమారు 2 ఖర్చవుతుంది. నూరు మొక్కలు వేస్తే ఆ రోజు గనికి గానీ చేపలకు గానీ పోయే సత్తువ మిగలదు. నీళ్ల డబ్బాను కమ్మరి క్లింట్ దగ్గర రాగికి మార్పించుకోవడానికి 2,000 గోల్డ్, 5 రాగి కడ్డీలు కావాలి, అది రెండు రోజులు అతని దగ్గరే ఉంటుంది. టీవీలో రేపు వాన అని చెప్పిన రోజున, పొద్దున నీళ్లు పోసేసి సాయంత్రంలోగా ఇచ్చిరండి. మరునాడు వానే తడుపుతుంది, ఆ తరువాతి రోజు డబ్బా చేతికి వస్తుంది. ఒక్క తడి కూడా తప్పదు. వ్యవసాయం 6వ స్థాయికి చేరాక క్వాలిటీ స్ప్రింక్లర్లు చేసుకోవచ్చు. ఒక్కొక్కటి 8 మొక్కలను తడుపుతుంది, దానికి ఇనుము, బంగారం కడ్డీలు ఒక్కొక్కటి, రిఫైన్డ్ క్వార్ట్జ్ ఒకటి సరిపోతాయి. నా రెండవ పొలంలో ఆదాయం నిజంగా మారింది పంట వల్ల కాదు, పది స్ప్రింక్లర్లు పూర్తయిన వారం వల్ల.

ఇక పండిన సరుకును అలాగే అమ్మడం గురించి. వ్యవసాయం 4వ స్థాయిలో ప్రిజర్వ్స్ జార్ (జామ్ చేసే జాడీ), 8వ స్థాయిలో కెగ్ (వైన్ చేసే పీపా) చేసే విద్య వస్తాయి. కెగ్‌లో పండు వేస్తే మూల ధరకు మూడింతలు, జార్‌లో వేస్తే రెండింతల మీద మరో 50 గోల్డ్ వస్తుంది. కెగ్ గొప్పదని అందరూ అంటారు గానీ బ్లూబెర్రీకి వేసి చూడండి: వైన్ 150, జామ్ కూడా సరిగ్గా 150. వైన్‌కు వారం పడుతుంది, జామ్ రెండు మూడు రోజుల్లో తయారవుతుంది. ఈ లెక్క తెలియక ఒక వేసవంతా నేను బ్లూబెర్రీలను కెగ్‌లలో నింపుతూ కూర్చున్నాను. కెగ్‌లను స్టార్‌ఫ్రూట్, ఏన్షెంట్ ఫ్రూట్ లాంటి ఖరీదైన పండ్లకూ, బీరు కోసం హాప్స్‌కూ అట్టిపెట్టండి. హాప్స్ ఒక్కొక్కటి 25 గోల్డే, కానీ దానితో చేసిన పేల్ ఏల్ 300 పలుకుతుంది, రెండు రోజులకు మించి పట్టదు. అలాగే, వైన్ ధర పండు నాణ్యతను బట్టి మారదు. అందువల్ల బంగారు నక్షత్రం ఉన్న పండ్లను నేరుగా అమ్మి, నక్షత్రం లేనివాటిని లోపల వేయాలి. 10వ స్థాయిలో ఆర్టిజాన్ వృత్తిని ఎంచుకుంటే ఇలా తయారుచేసిన సరుకుకు మరో 40 శాతం కలుస్తుంది. దానికి 5వ స్థాయిలోనే టిల్లర్ వృత్తిని తీసుకుని ఉండాలి.

కోసిన ప్రతి కాయనూ అమ్మేయకండి. ఊళ్లోని కమ్యూనిటీ సెంటర్‌లో పాంట్రీ కట్టలు, అంటే అక్కడి పాంట్రీ గదికి ఇవ్వవలసిన వస్తువుల జాబితాలు, పూర్తిచేస్తేనే గ్రీన్‌హౌస్ బాగుపడుతుంది, వేసవి కట్టకు టమాట, మిరప, బ్లూబెర్రీ, మెలన్ ఒక్కొక్కటి కావాలి. నేను టమాటలన్నీ అమ్మేసి, ఆ ఒక్క కాయ కోసం మరుసటి వేసవి దాకా ఆగాను. గ్రీన్‌హౌస్‌లో ఋతువులతో పని లేదు కాబట్టి, అక్కడ ఏన్షెంట్ ఫ్రూట్ వేస్తే ఒకసారి ఎదిగాక ఏడాది పొడవునా వారానికొక కాపు ఇస్తుంది. ఆర్టిజాన్‌తో కలిపి దాని వైన్ సీసా 2,310 గోల్డ్.

ఇవన్నీ తరువాతి మాటలు. ఈరోజు 9వ తేదీ, మంగళవారం. రేపు బుధవారం పియర్ దుకాణం మూసి ఉంటుంది కనుక, సాయంత్రం 5 లోపు వెళ్లి విత్తనాలు తెచ్చుకోండి. 26 మిరప, ఒక బ్లూబెర్రీ కొని, మిగిలిన డబ్బులో ఒక టమాట విత్తనం తీసుకుని ఈ రాత్రికే నాటి తడిపేయండి. మెలన్‌కు ఇంకా గడువుంది: 12 రోజుల పంట కాబట్టి, 14న మిరప అమ్మిన డబ్బుతో 15న నాటినా 27కు చేతికి వస్తుంది.