సముద్రపు చేపకి ఏం పెట్టాలో తెలియాలంటే ముందు దాని నోరు చూడండి

మీరడిగింది ఇది: నాలుగడుగుల మెరైన్ ట్యాంకు పెట్టాను, రెండు క్లౌన్ ఫిష్‌లు, టాంగ్ అనే చేప ఒకటి ఉన్నాయి, రోజూ ఫ్రోజెన్ బ్రైన్ ష్రింప్ (రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవులు, గడ్డకట్టించి అమ్ముతారు) వేస్తే చాలని షాపాయన అంటున్నాడు, నిజమేనా అని. చాలదు. నాకూ అచ్చంగా ఇదే మాట చెప్పారు, నేనూ నమ్మాను, నమ్మినందుకు నా చేప మొహం మీద గుంటలు పడ్డాయి.

మాది విశాఖపట్నం. ఏడేళ్ళ కిందట మొదటి ట్యాంకు పెట్టినప్పుడు నాకు పట్టిన పిచ్చి ఇంతా అంతా కాదు. పౌడర్ బ్లూ టాంగ్ ఒకటి కొన్నాను. నీలం ఒళ్ళు, నల్ల మొహం, వీపు మీద పసుపు రెక్క. ఎక్కడో పరాయి సముద్రాలది కాదు, మన హిందూ మహాసముద్రంలోదే, మాల్దీవుల దగ్గర గుంపులు గుంపులుగా తిరుగుతుంది. ధర ఇంట్లో సగమే చెప్పాను. అంత పోసి కొన్నాక తిండి దగ్గర పిసినారితనం ఎందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి తాజా రొయ్యలు తెచ్చి, పొట్టు వలిచి, సన్నగా తరిగి వేసేవాణ్ణి. మేం కూర వండుకోకముందే దాని వాటా దానికి పడిపోయేది. మిగతా రోజుల్లో బ్రైన్ ష్రింప్ క్యూబు. అది ఆవురావురుమని తినేది, పొట్ట గుండ్రంగా ఉండేది, నేను ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునేవాణ్ణి.

అయిదో నెలకి నీలం వెలిసిపోయింది, నాలుగు ఉతుకులు పడిన చొక్కాలాగా. తర్వాత కళ్ళ చుట్టూ సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు మొదలై, పెద్దవవుతూ ఒంటి పక్కనున్న గీత వెంట తోక వైపు పాకాయి. దీన్ని హెడ్ అండ్ లేటరల్ లైన్ ఎరోజన్ (తలా, ఒంటి పక్క గీతా తినేసినట్టయ్యే జబ్బు) అంటారని నాకప్పుడు తెలీదు. షాపుకెళ్ళి ఫోటో చూపిస్తే "పారసైట్ సార్" అని ఒక సీసా మందు చేతిలో పెట్టారు. ఏం తినిపిస్తున్నావని ఒక్క ముక్క అడగలేదు.

అసలు సంగతి పట్టుకున్నది మా అత్తగారు. ఆవిడకి చేపలంటే పులుసు వరకే పరిచయం. పండక్కి వచ్చి, మధ్యాహ్నం పూట టీవీకి బదులు ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మూడో రోజు అన్నారు, "బాబూ, ఆ నీలం చేప రోజంతా అద్దం గీకుతూనే ఉంటుంది, చూశారా? మిగతావి మీరు వేసినప్పుడే వస్తాయి. ఇది మేకలా ఎప్పుడూ మేస్తూనే ఉంది. దానికి ఆకు గానీ అలం గానీ వేస్తారా?" నేను నవ్వేశాను. రాత్రి పడుకున్నాక నవ్వు పోయింది. దగ్గరికెళ్ళి చూస్తే నిజమే, చిన్న నోరు, ముందుకు పొడుచుకొచ్చి, బ్రష్షులాంటి పళ్ళు, రాళ్ళ మీద పాచి గీక్కోవడానికే పుట్టిన నోరు అది. నేనేమో అద్దాలు మెరవాలని వారానికి రెండుసార్లు పాచి మొత్తం గీకి పారేస్తున్నాను. అంటే దాని అసలు అన్నం నేనే తీసేసి, రోజూ బిర్యానీ పెడుతున్నానన్నమాట!

మర్నాడే నోరి షీట్లు ఆర్డర్ పెట్టాను. సుషీకి వాడే ఎండిన సముద్రపు నాచు, ఉప్పూ నూనే మసాలా ఏమీ లేనిది. ముక్క చించి బట్టల క్లిప్పుతో అద్దానికి తగిలించాను. రెండు రోజులు అటువైపు కూడా చూడలేదు, మూడో రోజుకి క్లిప్పులోని స్ప్రింగు తుప్పు పట్టింది (ఉప్పునీళ్ళలో ఇనుప స్ప్రింగు పెట్టిన తెలివి నాదే). అప్పుడు నాచుని రబ్బరు బ్యాండుతో ఒక రాయికి చుట్టి అడుగున పెట్టాను. నాలుగో రోజు సాయంత్రం ఒకసారి పొడిచింది, వెనక్కి తగ్గింది, మళ్ళీ పొడిచింది, ఇక ఆగలేదు, పది నిమిషాల్లో రబ్బరు బ్యాండు మాత్రం మిగిలింది. అప్పట్నుంచి రోజూ అరచేయంత ముక్క. మూడు నెలలకి గుంటలు పూడటం మొదలైంది, రంగు తిరిగొచ్చింది, ఎడమ కన్ను కింద మచ్చ మాత్రం ఉండిపోయింది. నిజం చెప్పాలంటే ట్యాంకు నీళ్ళు శుభ్రం చేయడానికి వాడే యాక్టివేటెడ్ కార్బన్ (ఒక రకం బొగ్గు) కూడా అదే వారం తీసేశాను, దానివల్ల కూడా ఈ జబ్బు వస్తుందంటారు. అయినా నా లెక్కలో తొంభై శాతం మార్కులు నాచుకే.

కాబట్టి మీ టాంగ్‌కి ముందు నాచు, తర్వాతే మిగతావి. మా ఒడ్డున రాళ్ళ మీద ఆకుపచ్చ రేకుల్లా ఉల్వా అనే నాచు దండిగా పెరుగుతుంది, అదీ తింటాయి, కానీ మురుగు కలిసే చోటు నుంచి మాత్రం తేకండి.

ఇక బ్రైన్ ష్రింప్. అది చెడ్డదని కాదు, పెద్దదాన్ని గడ్డకట్టించి అమ్మేదాంట్లో నీళ్ళే ఎక్కువ. పిల్లలకి మరమరాలు పెట్టినట్టు, తింటారు, పొట్ట నిండుతుంది, అంతే. భీమిలి వైపు రొయ్యల హేచరీలో పనిచేసే మిత్రుడొకడున్నాడు, వాళ్ళు ఇదే బ్రైన్ ష్రింప్‌ని, దాని అసలు పేరు ఆర్టీమియా, గుడ్ల నుంచి పొదిగిస్తారు, ఉప్పునీళ్ళలో గాలి కొడుతూ 28 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక రోజులో పిల్లలు వచ్చేస్తాయి. "బయటికొచ్చిన మొదటి కొన్ని గంటలే అన్నా దాంట్లో సరుకుండేది, సొన అరిగిపోయాక ఉత్త పొట్టే" అన్నాడు. రోజూ అదే పని మీద ఉండే మనిషి మాట కంటే నాకింకేం కావాలి? ఫ్రోజెన్‌లోనే కొనాలనుకుంటే మైసిస్ (ఇదీ రొయ్యలాంటి చిన్న జీవే) కొనండి, బలం దాంట్లో ఉంది. కరిగిన నీళ్ళు పారబోసి, ఒకసారి కడిగి వేయండి, లేకపోతే ఆ నీళ్ళతో ఫాస్ఫేటు పెరిగి పాచి పట్టి మళ్ళీ నాలాగే గీకుతూ కూర్చుంటారు.

మంచినీటి చేపలకి వేసే ట్యూబిఫెక్స్, బ్లడ్ వర్మ్స్ అనే ఎర్ర పురుగుల మీదే బండి నడిపేవాళ్ళున్నారు. డీహెచ్ఏ, ఈపీఏ అనే కొవ్వుల్ని చాలా ఉప్పునీటి చేపలు ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేవు, తిండిలోంచే రావాలి, ఆ పురుగుల్లో అవి ఉండేది అంతంతమాత్రం. లయన్ ఫిష్‌కి రోజూ బతికున్న గోల్డ్ ఫిష్‌లు వేసి వీడియోలు తీసే వీరులు ఇంకో రకం. గోల్డ్ ఫిష్‌లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ని విరిచేస్తుంది. వ్యూస్ వస్తాయి, చేప పోతుంది. మా బావమరిది భీమవరం నుంచి వస్తూ చెరువుకి వేసే వనామీ రొయ్యల మేత రెండు కిలోలు సంచిలో పట్టుకొచ్చాడు, "చేపకైనా రొయ్యకైనా మేత మేతే కదా బావా" అంటూ. మొహమాటానికి నాలుగు గింజలు వేశాను, నేరుగా అడుక్కి పోయి ఇసుకలో మెత్తబడి కుళ్ళాయి. మిగతాది తిరిగి ఇవ్వలేక ఇప్పటికీ మేడ మీద గదిలో ఉంది.

పెల్లెట్లు (డబ్బాల్లో అమ్మే మేత గుళికలు) వాడండి, తప్పులేదు, మీ క్లౌన్లకి అవీ మైసిసూ మార్చి మార్చి వేస్తే హాయిగా పెరుగుతాయి, అవి అన్నీ తినే రకం. కానీ చిన్న డబ్బా కొనండి. పెద్ద డబ్బా విప్పి పాలిథిన్ కవర్లలో పోసి తూకానికి అమ్మే షాపులున్నాయే, వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తేదీ ఉండదు, పేరు ఉండదు, గాలి తగిలాక విటమిన్ సి ఎన్నాళ్ళుంటుంది? అదే షాపులో మాండరిన్ ఫిష్‌ని చూపించి "ఏదైనా తింటుంది సార్" అంటారు. అది రాళ్ళ సందుల్లో కోపెపాడ్లని, అంటే చుక్కంత జీవుల్ని, ఒక్కొక్కటే ఏరుకుంటూ రోజంతా తినే జీవి, కొత్త ట్యాంకులో పెడితే మన కళ్ళ ముందే ఎండిపోతుంది. సీహార్స్ ఎవరైనా అమ్మజూపితే అక్కణ్ణుంచి వచ్చేయండి, వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న ప్రాణి, తిండి సంగతి తర్వాత, ముందు కేసవుతుంది.

ఇప్పుడు నేను వాడేది ఇంట్లో చేసిందే. పచ్చి రొయ్యలు, కాస్త స్క్విడ్, ఎముకలు తీసిన సముద్రపు చేప ముక్క, నోరి షీట్లు నాలుగైదు, ఒక వెల్లుల్లి రెబ్బ. వెల్లుల్లితో తెల్లమచ్చల జబ్బు పోతుందని చెప్పేవాళ్ళని నమ్మకండి, వాసనకి కొత్త చేపలు నోరు తెరుస్తాయని వేస్తాను, అంతే. మిక్సీలో మరీ మెత్తగా కాకుండా ఒక తిప్పు తిప్పి, ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తాను. ఒక క్యూబులో నాలుగో వంతు రోజుకి రెండుసార్లు. ఒక్కటే జాగ్రత్త, దీనికి విడిగా ఒక జారు కొనుక్కోండి. మొదటిసారి నేను చట్నీ జారు వాడితే మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఫ్రీజర్లో డబ్బా మీద పేరు కూడా రాయండి. మా నాన్నగారు ఒకసారి ఆ ఆకుపచ్చ క్యూబు రెండు తీసి ఇడ్లీ పక్కన పెట్టుకుని కరిగేదాకా ఓపిగ్గా కూర్చున్నారు, గోంగూర అనుకుని. ఇప్పుడు డబ్బా మీద మా ఆవిడ చేతిరాతతో పెద్ద అక్షరాల్లో ఉంటుంది: "మామయ్యగారూ, ఇది చేపలది."