కవలల కథ కన్నా ముందు చెప్పాల్సింది

చిట్టితల్లీ,

సెలవుల్లో మన ఊరి హైస్కూలు పిల్లలకు సాపేక్షత సిద్ధాంతం చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. గర్వంగా ఉంది. టెన్షన్‌గానూ ఉంది. ఈ పాఠం సగం చెబితే అసలు చెప్పకపోవడం కన్నా నష్టం.

బోర్డు, సుద్దముక్కలు ముందురోజే చూసుకో. లెక్కలు తగ్గించు.

కవలల్లో ఒకడు రాకెట్‌లో వేగంగా తిరిగొచ్చేసరికి ఇంట్లో ఉన్నవాడి కన్నా చిన్నవాడై ఉంటాడనే కవలల కథతో మాత్రం మొదలుపెట్టకు. "కదిలే గడియారం నెమ్మదిస్తుంది" అనగానే ఒక పిల్ల లేచి, "రాకెట్‌లో ఉన్నవాడికి మనమే కదా కదిలేది, మరి ఎవరిది నెమ్మది?" అంటుంది. నేను పాఠం చెప్పినన్నాళ్లూ ఈ ప్రశ్న రాని ఏడాది లేదు. ఆ పిల్లను కసిరి కూర్చోబెట్టావో, నేను ఊరుకోను. బ్రిటన్‌లో హెర్బర్ట్ డింగిల్ అని ఉండేవాడు. 1922లోనే సాపేక్షత మీద పుస్తకం రాశాడు, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. అంతటివాడు ఈ ప్రశ్న దగ్గరే చిక్కుకుని, సిద్ధాంతమే తప్పంటూ 1972లో మరో పుస్తకం వేశాడు.

ఎక్కడ జారాడు? దూరాన ఉన్న గడియారంతో మన గడియారాన్ని పోల్చాలంటే, ఇక్కడ పన్నెండైనప్పుడు అక్కడ ఎంతైందో తెలియాలి. ఆ "అప్పుడు" ఇద్దరికీ ఒకటి కాదు. వేర్వేరు చోట్ల ఒకరికి ఒకేసారి జరిగిన రెండు సంఘటనలు మరొకరికి ముందూ వెనకా జరుగుతాయి. అందుకే ఇద్దరూ ఎదుటివాడి గడియారమే నెమ్మది అన్నా, ఇద్దరి మాటా నిజమే. చిన్నప్పుడు మేడమీద పడుకుని "ఇప్పుడు ఆ నక్షత్రంలో ఏం జరుగుతోంది తాతయ్యా" అని నన్ను నిద్రపోనిచ్చేదానివి కాదు. ఆ "ఇప్పుడు" గురించే ఇదంతా, తల్లీ. 1905 వ్యాసంలో ఐన్‌స్టీన్ కూడా దీనితోనే మొదలుపెట్టాడు. రైలు బొమ్మ గీసి, రెండు చివర్లా పిడుగులు వేయించు. గట్టు మీద నిలబడ్డవాడికి రెండూ ఒకేసారి పడితే, కదిలే రైల్లో ఉన్నవాడికి ముందు చివరిది ముందు పడుతుంది. పీరియడంతా దానికే పోయినా పర్వాలేదు.

తర్వాత కవలల సంగతి తేలికే. మళ్లీ కలిసినప్పుడు గడియారాలు పక్కపక్కనే ఉంటాయి, వాదనే ఉండదు. ఒకే ఊరికి రెండు దారుల్లో వెళ్లిన స్కూటర్ల మీటర్లు వేరుగా తిరిగినట్టే, దేశకాలంలో, అంటే చోటూ కాలమూ కలిసిన లోకంలో, ఎవరి దారిని వాళ్ల గడియారం కొలుస్తుంది. కాకపోతే ఇక్కడ తిన్నగా సాగిన దారికే ఎక్కువ కాలం. వెళ్లి వెనక్కి తిరిగినవాడికి తక్కువ. 1971లో హేఫెల్, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అతి కచ్చితమైన అణుగడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. తూర్పుకు వెళ్లినవి సుమారు 59 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు) వెనకబడ్డాయి, పడమరకు వెళ్లినవి 273 ముందుకెళ్లాయి. అందులో వేగంతో పాటు ఎత్తు ప్రభావమూ ఉందని, అంటే పైకెళ్లి గురుత్వం తగ్గిన చోట గడియారం కాస్త వేగంగా నడుస్తుందని చెప్పడం మరిచిపోకు.

నా భయం ఒక్కటే. "అంతా సాపేక్షమే, నిజమంటూ ఏదీ లేదు" అనుకుని ఏ పిల్లాడూ ఇంటికెళ్లకూడదు. కాంతి వేగం అందరికీ ఒకటే. కారణం ముందు, ఫలితం తర్వాత. ఆ వరుస ఎవరికీ తారుమారు కాదు. ఇది బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయి.

ఎండల్లో మధ్యాహ్నం క్లాసు పెట్టకు, వాడిపోతావు. రైలు బొమ్మ ముందుగా నాకు వాట్సాప్‌లో పంపు, చూసి చెబుతాను.

తాతయ్య