కోరం సెన్సింగ్ మీద పీహెచ్‌డీ మొదలుపెడుతున్న అమ్మలుకి

అమ్మలూ, ఆశీస్సులు.

సీటు వచ్చిందని, బాక్టీరియా తమ గుంపు ఎంత ఉందో సంకేతాలతో పసిగట్టే కోరం సెన్సింగ్ మీద పనిచేయబోతున్నావని నీ మెయిల్ చూసి చాలా సంతోషించాను. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) తలచుకుంటేనే టెన్షన్‌గా ఉందన్నావు. డ్రాఫ్ట్ చదివాను. మొదటి వాక్యం దగ్గరే పెన్ను తీశాను. "బాక్టీరియా తగినంత సంఖ్యకు చేరాక సంకేతాలతో మాట్లాడుకుని ఒక్కుమ్మడిగా దాడి చేస్తాయి" అని రాశావు. ఈ మాట ప్రతి థీసిస్‌లోనూ ఉంటుంది. కొన్ని క్రిములకు నిజమే, కొన్నిటికి పూర్తిగా తలకిందులు.

కలరా సంగతే చూడు. పేగులో చేరిన కొత్తలో క్రిముల సంఖ్య తక్కువ. పేగు గోడను పట్టుకునే పిలై అనే సన్నని పోగులకి, కలరా టాక్సిన్ అనే విషానికి సంబంధించిన జన్యువులు అప్పుడే పనిచేస్తుంటాయి. సంఖ్య పెరిగి సీఏఐ-1, ఏఐ-2 అనే సంకేతాలు పోగయ్యేసరికి హాప్‌ఆర్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అది టాక్సిన్‌కు దారితీసే వరసను అణిచేస్తుంది, బయోఫిల్మ్ అనే జిగురు పాచి కట్టడాన్ని ఆపుతుంది, పేగు నుంచి ఊడి రావడానికి పనికొచ్చే, ప్రోటీన్లను కోసే ప్రోటియేజ్‌ను చేయిస్తుంది. ఇక్కడ గుంపు చేరడమంటే మూటాముల్లె సర్దుకుని బయల్దేరడం. విరేచనాలతో బయటపడి ఇంకొకరి తాగునీటిలో చేరాల్సిన క్రిమికి లాభం అందులోనే ఉంది. టాక్సిన్ ఉందని కలకత్తాలో శంభునాథ్ డే 1959లోనే చూపించారు. కోరం సెన్సింగ్ దాన్ని అణుస్తుందని తేలింది మాత్రం 2002లో.

దీనివల్ల నీ ప్రయోగం దిశే మారిపోతుంది. కలరా క్రిమిలో సంకేతాన్ని అడ్డుకుంటే టాక్సిన్ పెరిగే ప్రమాదం ఉంది. అక్కడ సంకేతాన్ని మనమే అందించాలి. 2010లో సీఏఐ-1 తయారుచేసేలా మార్చిన మంచి రకం ఈ.కోలైని ఎలుక పిల్లలకు ముందుగా పట్టిస్తే, తర్వాత కలరా క్రిమి ఇచ్చినా చాలావరకు బతికాయి. సినాప్సిస్‌లో కలరాను, నువ్వు పనిచేయబోయే సూడోమోనాస్ బాక్టీరియాను ఒకే పేరాలో కలిపేశావు. విడదీసి రాయి.

చర్మం మీద గడ్డలు తెచ్చే స్టెఫైలోకాకస్ ఆరియస్ బాక్టీరియా ఇంకో రకం. దాని సంకేతం ఉంగరంలా మడిచిన చిన్న పెప్టైడ్. గుంపు పెరిగాక ఏజీఆర్ అనే దాని కోరం సెన్సింగ్ వ్యవస్థ లేచి ఆల్ఫా టాక్సిన్ లాంటివి పెంచుతుంది, ప్రోటీన్-ఏ లాంటి పైపొర ప్రోటీన్లను తగ్గిస్తుంది. అయితే ఏజీఆర్ పాడైన స్ట్రెయిన్లు (ఉపరకాలు) చాలాసార్లు బయోఫిల్మ్ ఇంకా గట్టిగా కడతాయి. అందుకే "ఏజీఆర్‌ని ఆపితే రోగం తగ్గుతుంది" అని రాసేముందు ఏ రోగమో చెప్పు. చర్మం మీద గడ్డ వేరు, కాథెటర్‌కు పట్టిన పాచి వేరు.

మన వైపు వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు తెచ్చే జాంథోమోనాస్ కూడా కొవ్వు ఆమ్లం లాంటి ఒక సంకేతంతో మాట్లాడుకుంటుంది. మనుషుల రోగకారకాల పని నీకు నచ్చకపోతే అటు వెళ్లొచ్చు. చరిత్రకు ఒక్క పేరా చాలు: 1970లో వెలుగునిచ్చే సముద్ర బాక్టీరియాలో గమనించారు, 1994లో కోరం సెన్సింగ్ అన్న పేరు పెట్టారు.

ఇక నీ సూడోమోనాస్ ఎరూజినోసా. ఇక్కడే నువ్వు నాలుగైదేళ్లు గడపబోతున్నావు. లాస్, ఆర్‌హెచ్‌ఎల్, పీక్యూఎస్ అనే మూడు వ్యవస్థలు ఒకదానితో ఒకటి అల్లుకుని ఎలాస్టేజ్, పయోసయనిన్, రామ్నోలిపిడ్, సయనైడ్ లాంటి హాని చేసే పదార్థాల తయారీని నడిపిస్తాయి. లాస్ వ్యవస్థను నడిపే లాస్‌ఆర్ ప్రోటీన్ అన్నిటికీ పైన కూర్చున్నట్టు బొమ్మ గీస్తారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వారసత్వ ఊపిరితిత్తుల జబ్బు ఉన్న రోగుల నుంచి తీసిన స్ట్రెయిన్లలో ఆ లాస్‌ఆరే పాడైపోయి ఉండటం తరచుగా కనిపిస్తుంది. వాటిలో కొన్నిట్లో ఆర్‌హెచ్‌ఎల్ సొంతంగానే నడుస్తుంది. ల్యాబ్‌లో అందరూ వాడే పీఏఓ1 స్ట్రెయిన్‌తో వచ్చిన ఫలితం చూసి హాస్పిటల్ స్ట్రెయిన్ల గురించి మాట్లాడొద్దు.

పైగా లాస్‌ఆర్ నీ కళ్లముందే పాడవుతుంది. అదే కల్చర్‌ను మళ్లీ మళ్లీ సబ్‌కల్చర్ చేస్తూ (కొత్త మీడియంలోకి మారుస్తూ) పోతే, ఎంజైములు చేసే ఖర్చు తప్పించుకుని పక్కవాటి ఎంజైముల మీద బతికే మ్యూటెంట్లు పైకొస్తాయి. ప్లేటు మీద లోహంలా మెరిసే కాలనీలు కనిపిస్తే అనుమానించు. ల్యాబ్‌లో చేరిన మొదటి వారమే మైనస్ 80 డిగ్రీల్లో గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించిన స్టాక్‌లు పెట్టుకో, ప్రతి ప్రయోగానికీ అందులోంచే తీసుకో. ఎవరైనా ఫ్రిజ్‌లోని పాత స్లాంట్ (ట్యూబులో దాచిన కల్చర్) ఇస్తే మొహమాటపడకుండా సీక్వెన్స్ చేయించు. కలరాలోనూ ఇదే గొడవ ఉంది: జీనోమ్ మొదట చదివిన ఎన్16961 స్ట్రెయిన్‌లో హాప్‌ఆర్ జన్యువు సహజంగానే విరిగిపోయి ఉంది.

మీడియం (క్రిములు పెరిగే ద్రవం) పీహెచ్ మర్చిపోవద్దు. సూడోమోనాస్ ఎల్‌బీ అనే మామూలు మీడియంలో పెరిగే కొద్దీ పీహెచ్ 8 దాటుతుంది, క్షారంలో సంకేత అణువులోని లాక్టోన్ ఉంగరం విచ్చుకుపోతుంది. ఉన్న సంకేతం లేదనిపిస్తుంది. మాప్స్ బఫర్ కలిపి 7 దగ్గర నిలబెట్టు. సంకేతం తగిలితే ఊదారంగు చూపించే సీవీ026 అనే పరీక్ష బాక్టీరియా పొట్టి కార్బన్ గొలుసుల సంకేతాలకే రంగు ఇస్తుంది. లాస్ సంకేతం 12 కార్బన్లది, దానికి రంగు రాదు. రంగు రాలేదంటే సంకేతం లేదని కాదు. ఆ పనికి ఆగ్రోబాక్టీరియం రిపోర్టర్ (సంకేతాన్ని చూపే మరో పరీక్ష బాక్టీరియా) వాడు.

చివరిగా, నీ గైడ్ ఇష్టపడుతున్న వేపాకు, తులసి ఎక్స్‌ట్రాక్ట్‌ల సంగతి. నిజం చెప్పాలంటే ఈ రకం పేపర్లు చూసి చూసి నాకు విసుగొచ్చింది. ప్లేటు మీద ఊదారంగు తగ్గగానే "యాంటీ కోరం సెన్సింగ్" అని రాసేస్తారు. క్రిమి చచ్చిపోయినా, నీరసించినా రంగు తగ్గుతుంది కదా! చేయాలనే ఉంటే మూడూ కలిపి చెయ్యి. ఆ మోతాదులో ఎదుగుదల తగ్గలేదని గ్రోత్ కర్వ్‌తో చూపించు. ఎక్స్‌ట్రాక్ట్‌ను కరిగించే డీఎంఎస్‌ఓ ఒక్కటే వేసిన కంట్రోల్ పెట్టు. కోరం సెన్సింగ్‌తో సంబంధం లేకుండా అదే రంగు తయారుచేసే స్ట్రెయిన్‌లో నీ ఎక్స్‌ట్రాక్ట్ రంగును తగ్గించడం లేదని చూపించు. ఈ మూడోది ఎక్కువమంది చేయరు. గైడ్‌తో ఎదురు వాదించకు. "ఈ కంట్రోల్ ఉంటే రివ్యూయర్ నోరెత్తడు సార్" అను, ఒప్పుకుంటారు.

సవరించిన సినాప్సిస్ పంపేటప్పుడు నీ దగ్గరున్న స్ట్రెయిన్ల జాబితా కూడా జతచెయ్యి. ఏది ఏ ల్యాబ్ నుంచి వచ్చింది, లాస్‌ఆర్ ఎప్పుడు సీక్వెన్స్ చేశారు అన్నవి రాయి. మొదట అదే చూస్తాను.

నీ పెదనాన్న